గోడకు పూసిన మాటలు

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అంటాం మనం. కన్నడం వారూ అచ్చంగా అదే అంటారు, ‘మనె కట్టి నోడు, మదువె మాడి నోడు’ అని. రెండు భాషలూ ఒకే వీధిలో వినబడే పావగడలో ఈ సామెత ఎవరిదని అడిగేవారు లేరు. గోడలు లేచి, కప్పు పడి, చేతిలో డబ్బు అయిపోయి, లోపలి పూత మిగిలిపోయినప్పుడు మాత్రం దాని అర్థం అందరికీ తెలుస్తుంది. ఆ పూత కథే ఇక్కడ చెప్పదలచుకున్నది.

పావగడ మైసూరు సీమలోది. మూడు వైపులా తెలుగు నేల, ఒకప్పటి మద్రాసు రాష్ట్రపు అనంతపురం జిల్లా. 1956లో రాష్ట్రాలను భాషను బట్టి విడదీసినప్పుడూ ఆ గీత అక్కడే ఉండిపోయింది. గీతకు అటూ ఇటూ ఇల్లు మాత్రం ఒక్కటే: రాయీ మట్టీ కలిపిన గోడలు, దూలాలు, దంతెలు, పైన చౌడు మన్ను పరిచిన మిద్దె. లోపల ఎర్రమన్ను మెత్తి, పేడతో అలికి, పండుగకు సుద్దో సున్నమో పూసేవారు. ఇదంతా ఆడవాళ్ళ పని. కూలి లెక్కలోకి ఎక్కలేదు, కనుక చరిత్ర పుస్తకాల్లోకీ ఎక్కలేదు.

కలిగినవారి ఇంటికీ, గుడికీ, కోటకూ సున్నం. సున్నపురాయిని బట్టీలో కాల్చి, గుంటలో చల్లార్చి, రోజుల తరబడి నాననిచ్చి, ఇసుక కలిపి గానుగలో ఎద్దులతో నూరించేవారు. కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్ళు పోసేవారు. పూసిన తరువాత నున్నని రాయితో రుద్దితే గోడ అద్దంలా మెరిసేది. ఈ పనితనం ఎంత గట్టిదో చూడాలంటే హిందూపురం దాటి లేపాక్షికి పోవాలి. అచ్యుతరాయల కాలంలో, అంటే 16వ శతాబ్దంలో, రాతి కప్పుకు సున్నపు పూత వేసి దానిమీద బొమ్మలు రాశారు. కొంత రాలిపోయింది నిజమే, కానీ మిగిలినదానికి దాదాపు అయిదు వందల ఏళ్ళు.

పనిలోని మాటలూ ఇట్లాగే పొరలు పొరలుగా ఉన్నాయి. సున్నం సంస్కృతపు చూర్ణం నుంచి వచ్చింది, కన్నడంలో సుణ్ణ. గచ్చు పారసీ మాట, బేల్దారీ అంతే. బేల్ అంటే పార. మేస్త్రీ పోర్చుగీసు వారిది. మన గార వారికి గారె. అచ్చ తెలుగు గోడ అంటూ విడిగా ఒకటి లేదు, అచ్చ కన్నడ గోడా లేదు. భాష కోసం తగవులాడేవారు ఒకసారి బేల్దారి పక్కన నిలబడి అతని మాటలు వినడం మంచిది.

తరువాత సిమెంటు వచ్చింది. వచ్చిందన్న మాటేగాని చాలాకాలం అందలేదు. 1982 ఫిబ్రవరి దాకా ధరా పంపిణీ అంతా సర్కారు చేతిలోనే ఉండేది, మూటకు పర్మిట్టు కావాలి. ఆ ఏడాది జనవరిలోనే సిమెంటు కేటాయింపులకూ ట్రస్టు విరాళాలకూ ముడిపెట్టారన్న కేసులో మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతులే పదవి వదలుకోవలసి వచ్చింది. 1989 మార్చిలో కట్టుబాట్లు పూర్తిగా తీసేశారు. అంగట్లో అడిగినన్ని మూటలు దొరికేసరికి గానుగలు మూలపడ్డాయి.

సిమెంటును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఇటుక గోడకు అరంగుళం మందాన ఒకటికి ఆరు పాళ్ళ ఇసుకతో పూస్తే పని త్వరగా తెములుతుంది. అయితే వారం రోజులు తడపాలి. పావగడలాంటి కరువు తాలూకాలో తాగే నీళ్ళకే కటకట అయినప్పుడు గోడకు వారం నీళ్ళంటే మాటలు కాదు. సగం తడిపి వదిలేసిన గోడ నెర్రెలు విచ్చుతుంది. ఉప్పు బోరునీళ్ళతో తడిపితే తెల్లగా పూస్తుంది.

అసలు చేటు పాత మట్టి గోడకు సిమెంటు పూసినప్పుడు జరుగుతుంది. మట్టీ సున్నమూ చెమ్మను పీల్చి మళ్ళీ గాలికి వదిలేస్తాయి. సిమెంటు అంతగా వదలదు. పునాది నుంచి ఎక్కిన తడి లోపలే నిలిచి మట్టిని మెత్తబరుస్తుంది. పైకి గోడ కొత్తగా కనిపిస్తూనే ఉంటుంది, ఒక వానకు పెచ్చు పలకగా ఊడిపడితే వెనుక మట్టి రాలుతుంది. అప్పుడు నింద మట్టి మీద పడుతుంది.

ఇట్లాంటి గోడకు మళ్ళీ మట్టో సున్నమో పూయడమే సరి. సున్నం ఇప్పటికీ దొరుకుతుంది. దాన్ని నానబెట్టి నూరే ఓపిక ఉన్న బేల్దారి దొరకడమే కష్టం. కరువుకు ఊరు వదిలిన బేల్దార్లు ఎందరో బెంగళూరు అపార్ట్‌మెంట్లలో సిమెంటు పూస్తున్నారు.