ఒకే ఫౌజులో వచ్చినవాళ్లు

విజయనగరం పూసపాటివారూ బొబ్బిలివారూ 1757 జనవరి 24న యుద్ధభూమిలో తలపడ్డారని మనందరికీ తెలుసు. బుర్రకథ చెప్పింది, సినిమా చూపించింది. కానీ ఆ రెండు వంశాలూ అంతకు నూరేళ్ల ముందే ఒకచోట కలిశాయి. గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట 1652లో ఈ సీమకు వచ్చినవారిలో పూసపాటి మాధవవర్మ ఉన్నాడు. బొబ్బిలి వంశానికి మూలపురుషుడు పెద్దరాయుడూ ఉన్నాడు. ఇది మనం కల్పించుకున్న మాట కాదు. జమీందారీ వంశచరిత్రలు చెప్పిన మాట, ఇంగ్లీషువాళ్లు గెజిటీరులో రాసుకున్న మాట. బొబ్బిలి పేరు కూడా ఆ ఖాన్ పేరు మీదుగానే వచ్చిందంటారు. షేర్ అంటే పులి. పెద్దపులి, బెబ్బులి, బొబ్బిలి.

ఒకే ఫౌజులో వచ్చినవాళ్లలో ఇద్దరి సంతతిని ఈ నేల రాజులుగా ఒప్పుకుంది. "మీరెక్కణ్ణించి వచ్చారు?" అని వాళ్లనెవరూ అడగలేదు. అడగక్కర్లేదు కూడా. మూడున్నర శతాబ్దాలు ఒకచోట బతికినవాళ్లు అక్కడివాళ్లే. మరి అదే ఫౌజుతో నడిచిన సాయిబు మనవణ్ణి మాత్రం ఎందుకడుగుతున్నారు? ఎక్కడినుంచీ రాకుండా, ఇక్కడే దూది ఏకుతూ మతం మారినవాడి మనవణ్ణి కూడా ఎందుకడుగుతున్నారు?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత మనమీదే పడింది కాబట్టి మన పెద్దల జాడ మనమే వెతకాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ పని మరీ కష్టం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ రెండు జిల్లాల్లోనూ ముస్లింలు వందకు ఒక్కరు కూడా లేరు. ముస్లిం చరిత్ర అంటే హైదరాబాదు, కర్నూలు, గుంటూరు అనుకునేవాళ్లకు ఉత్తరాంధ్ర గుర్తుకే రాదు. ఒకప్పుడు శ్రీకాకుళానికి గుల్షనాబాద్ అనే పేరుండేది. చికాకోలు ఫౌజుదారీ చేసిన అన్వరుద్దీన్ ఖానే తర్వాత ఆర్కాటు నవాబయ్యాడు. 1753లో నిజాం ఈ సర్కారులను ఫ్రెంచివారికి రాసిచ్చినప్పుడు ఎదురుతిరిగింది ఇక్కడి ఫౌజుదారు జాఫర్ అలీఖాన్. అయినా ఇవన్నీ నవాబుల సంగతులు. మనకు కావలసింది మన ముత్తాత సంగతి.

ముందు తెలుసుకోవలసింది, ఊరు కదలకపోయినా కాగితం కదిలిందని. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా చికాకోలు గంజాం జిల్లాలో ఉంది. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా, 2022లో పార్వతీపురం మన్యం జిల్లా పుట్టాయి. అందువల్ల చికాకోలు తాలూకాలో 1920లో జరిగిన సంగతికి కాగితం శ్రీకాకుళం కలెక్టరాఫీసులో లేకపోతే నిరుత్సాహపడకూడదు. గంజాం జిల్లా కేంద్రం ఛత్రపురంలోనో, మద్రాసు ఎగ్మూరు ఆర్కైవ్స్‌లోనో అడగాలి. విజయనగరం వాళ్లకు దారి వేరు. వాళ్ల పాత జిల్లా మొదట్నించీ విశాఖపట్నమే. అంతకు వెనకటి ఫార్సీ కాగితాలు కావాలంటే హైదరాబాదు తార్నాక పోవాలి. అక్కడ కాగితం దొరికినా చదివిపెట్టేవాళ్లు దొరకాలి. మన ఇళ్లలో ఖురాన్ చదవగలిగినవాళ్లున్నారుగానీ ఫార్సీ షికస్తా రాత చదవగలిగినవాళ్లు అరుదైపోయారు.

రెండో చిక్కు పేర్లతో. పక్కింటి హిందువుకు ఇంటిపేరుంది, గోత్రముంది. ఆ రెండూ పట్టుకుని నాలుగు తరాలు వెనక్కి పోగలడు. మనకు షేక్, సయ్యద్, పఠాన్, మహమ్మద్. ఒక్క తాలూకాలో వందమంది షేకులుంటే అందులో మన షేకు ఎవరు? పైగా కరణం ఏ రాత రాశాడో! ఒకచోట ఖాసిం సాహెబు, ఇంకోచోట కాశింసాయిబు, మరోచోట ఒట్టి 'తురక'. దూదేకుల వాళ్లలో చాలామందికి తెలుగు ఇంటిపేర్లుండటం ఈ విషయంలో వాళ్ల అదృష్టమే. ఏ పేర్లను చూసి పట్టణపు సాయిబులు నవ్వారో ఆ పేర్లే ఇవాళ దారి చూపిస్తున్నాయి.

అందుకే పేరును కాక భూమిని పట్టుకోవాలి. మనిషి పేరు మారుతుంది, పొలం గట్టు మారదు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఆ కమిషన్ తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టరు మనబోటివాళ్లకు పెన్నిధి. ఖాజీకిచ్చిన ఇనాము, మసీదులో దీపానికిచ్చిన ఇనాము, దర్గా సేవకిచ్చిన ఇనాము అన్నీ అందులోకెక్కాయి. భూమి ఎంత, ఎవరిచ్చారు, ఏ పనికిచ్చారు, మొదట పుచ్చుకున్నదెవరు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, అతనికీ ఇతనికీ బంధుత్వమేమిటి అని అడిగి రాశారు. అంటే శిస్తు లెక్క కోసం సర్కారు రాసుకున్న వంశవృక్షమన్నమాట. కోర్టులు నేటికీ దాన్ని గట్టి సాక్ష్యంగా తీసుకుంటాయి. అందులో ఫసలీ సంవత్సరం కనబడితే 590 కలుపుకోవాలి. ఫసలీ 1270 అంటే 1860-61. హిజ్రీకి ఈ లెక్క పనికిరాదు, అది చాంద్రమానం. హిజ్రీ 1051 అంటే 1641 ఏప్రిల్ నుంచి 1642 మార్చి వరకు. ఇంకొక మెలిక కూడా ఉంది. 1802లో పర్మనెంటు సెటిల్‌మెంటు వచ్చింది. అంతకుముందరి ఇనాములే కమిషన్ ముందుకొచ్చాయి. తర్వాత జమీందారులు ఇచ్చినవి జమీందారీ లెక్కల్లో చూసుకోవాలి.

కాగితాలు ఒకదానితో ఒకటి పేచీ కూడా పడతాయి. శ్రీకాకుళం జుమ్మా మసీదును షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడంటారు. జమీందారీ చరిత్రలేమో ఆయన రాకనే 1652 అంటాయి. రాజుగారి పుస్తకం కాబట్టి అదే నిజమనీ, మన మసీదు కాబట్టి ఇదే నిజమనీ అనుకోనక్కర్లేదు. రెండూ పక్కపక్కన రాసుకోవాలి. చరిత్ర చదవడమంటే అదే.

భూమి లేనివాళ్ల మాటేమిటి? మనలో ఎక్కువమంది వాళ్లే. దూది ఏకినవాడికి, జట్కా తోలినవాడికి, బట్టలు కుట్టినవాడికి ఏ కమిషనూ రాలేదు. విజయనగరం కంటోన్మెంటులో ఉద్యోగం చేసిన సిపాయి బతుకు ఇంకో రకం. మద్రాసు పల్టన్లు కుటుంబాలతో సహా కదిలేవి. ఒక బిడ్డ ఇక్కడ పుడితే మరో బిడ్డ నాగపూరు దగ్గర కాంఠీలో పుట్టవచ్చు. అలాంటివాడికి సొంత ఊరేదని అడిగితే ఏం చెబుతాడు? ఇక్కడ చనిపోయిన దొర బిడ్డకు లండన్‌లో చర్చి రికార్డు ఉంటుంది. ఆ బిడ్డను ఎత్తుకు పెంచిన ఆయాకు ఎక్కడా అక్షరం లేదు.

ఆడవాళ్ల పేర్లు భూమి రికార్డుల్లో చాలా తక్కువ. వాళ్లు దొరికేది ఖాజీ దగ్గరున్న నికా సియాహాలో. పెళ్లికూతురి పేరు, తండ్రి పేరు, మెహర్ ఎంత, వకీలెవరు, సాక్షులెవరు అన్నీ ఉంటాయి. ఒక నానమ్మ తన సొంత పేరుతో కనబడే ఏకైక కాగితం అదే కావచ్చు. చాలాచోట్ల ఆ పుస్తకాలు ఏ ట్రంకుపెట్టెలోనో చెదలకు వదిలేసి ఉన్నాయి. సియాహా కూడా లేనిచోట ఖబరస్తాన్ ఉంది, పీర్ల చావిడి ఉంది, ముసలమ్మల నోటిమాట ఉంది.

ఈ వెతుకులాటలో మనవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. అది షజ్రా మోజు. కొంచెం చదువూ డబ్బూ రాగానే వంశాన్ని బాగ్దాదుకో బుఖారాకో ముడివేసుకోవాలని చూస్తాం. నిజంగా అక్కణ్ణించి వచ్చినవాళ్లుంటే ఉండవచ్చు. కానీ ముత్తాత పింజారి అని రికార్డులో కనబడితే ఆ పేజీ తిప్పేయడం దేనికి? విదేశీ వంశం చెప్పుకుని గొప్పవాళ్లమనుకునే మనమూ, మీరు విదేశీయులని మనల్ని వేలెత్తి చూపేవాళ్లూ చివరికి ఒకే అబద్ధాన్ని మోస్తున్నాం.

ఇది తీరిక ఉన్నవాళ్ల సరదా కాదు. 1992 డిసెంబరు తర్వాత మసీదు పునాది కింద ఏముందని అడగడం అలవాటైంది. 2019లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు తాతల కాగితాల కోసం పెట్టెలు వెతుక్కున్నాం. 2025 వక్ఫ్ సవరణ చట్టం, వాడుకను బట్టి వక్ఫ్ అయ్యే పద్ధతిని తీసేసింది. అప్పటికే రిజిస్టరై, వివాదంలోగానీ సర్కారు భూమిగాగానీ లేనివాటికే మినహాయింపు. నూరేళ్లుగా శవాలను పూడ్చుకుంటున్న నేలకు కూడా కాగితం కావాలి.

కాబట్టి కాగితం దాచుకుందాం, నకళ్లు తీసుకుందాం, సియాహాలను చెదలనుంచి కాపాడుకుందాం. కానీ కాగితమే మనిషికి హక్కు ఇస్తుందన్న మాట మాత్రం ఒప్పుకోవద్దు. రాసేవాడికి శిస్తు కావలసినప్పుడే మనం కాగితం మీదికెక్కాం. మిగతా కాలమంతా పని చేస్తూ ఉన్నాం. నాగావళి ఒడ్డున దూది ఏకిన చేతులకు దస్తావేజు లేకపోవచ్చు. ఆ దూదితో నిండిన పరుపులమీద ఊరంతా పడుకుంది. అదీ చరిత్రే. ఆ చరిత్రను మనమే రాయాలి.