సిలబస్‌లో లేని సెమిస్టర్: అమీర్‌పేట, విశ్వవిద్యాలయం

విశ్వవిద్యాలయాలు ప్రాంతాభివృద్ధికి ఏం చేశాయో లెక్కగట్టే వ్యాసాల్లో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ శిక్షణ ఇన్‌స్టిట్యూట్ల అడ్డా అమీర్‌పేట కనపడదు. అమీర్‌పేట మీద రాసినవారు విశ్వవిద్యాలయం ఊసెత్తరు. ఈ రెండో అలవాటుకు మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్ పుస్తకం ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ (2007) చాలావరకు కారణం. కోస్తా సేద్యపు మిగులు, కట్నం సొమ్ము కంప్యూటర్ చదువుకు పెట్టుబడి అయిన తీరును ఆయన చక్కగానే పట్టుకున్నారు. కానీ చేతిలో డిగ్రీ ఉన్నవాడు మళ్లీ ఫీజు కట్టి కోర్ జావా ఎందుకు నేర్చుకుంటున్నాడన్న ప్రశ్న ఆయన దృష్టిలో చిన్నది. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. పైగా ఆయన చూసింది 2000 ప్రాంతపు అమీర్‌పేట. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్‌లో చేరిన మొదటితరం పిల్లలు అప్పటికి రాలేదు. వారి కాలేజీ ఫీజు ప్రభుత్వం భరించింది. అమీర్‌పేట ఖర్చు ఇంటివాళ్ల మీదే పడింది.

ఆ ప్రశ్నకు జవాబు సిలబస్‌తో మొదలవుతుంది. స్వయంప్రతిపత్తి ఉన్నవి తప్పిస్తే జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కళాశాలలన్నిటికీ పాఠ్యప్రణాళిక ఒక్కటే. ఆర్09, ఆర్13, ఆర్16, ఆర్18 అన్న రెగ్యులేషన్ల పేర్లు చాలు, అది ఎన్నేళ్లకోసారి కదులుతుందో తెలియడానికి. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న ఇన్‌స్టిట్యూట్లలో డెమో క్లాసు ఉచితం. నచ్చకపోతే పిల్లలు పక్క మెట్లెక్కుతారు, సార్ బ్యాచ్ నిలవదు. కంపెనీలు ఇంటర్వ్యూలో ఏం అడిగాయో సాయంత్రానికి హాస్టల్ గదుల్లో తెలిసిపోతుంది, మర్నాడు బోర్డు మీదికెక్కుతుంది. క్లాస్ నోట్సు జెరాక్స్ షాపులో మెటీరియల్‌గా అమ్ముడవుతుంది. పాఠాన్ని ఇంత త్వరగా సరిదిద్దుకునే బోర్డ్ ఆఫ్ స్టడీస్ మనకెక్కడుంది?

ఈ పిల్లల కోసం పక్కనున్న ఎస్‌.ఆర్. నగర్, బల్కంపేటల్లో ఇళ్లు హాస్టళ్లయ్యాయి. వాటి వెంట కర్రీ పాయింట్లు, టిఫిన్ సెంటర్లు వచ్చాయి. నేను మాట్లాడినవారిలో ఆడపిల్లలు కోర్సు కంటే లేడీస్ హాస్టల్ గురించే ఎక్కువ చెప్పారు: ఇంట్లో అడక్కుండా డబ్బు ఖర్చుపెట్టింది అక్కడే, పెళ్లిమాట వాయిదా వేయించింది కూడా అక్కడినుంచే. ఏ విశ్వవిద్యాలయ విస్తరణ విభాగమూ సాధించని సామాజిక చలనం ఇది.

పోలికకు, పక్కనే పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉంది. 1989 చట్టంతో విశ్వవిద్యాలయమైంది. అక్కడ వైద్యం నేర్వడం, చేయడం ఒకే ఆవరణలో జరుగుతాయి; రెసిడెంట్‌కు రోగి మంచమే తరగతి. ఇంజినీరింగ్ చదువుకు అలాంటి ఆవరణ కట్టనేలేదు. ఇంజినీరింగ్ వార్డు రోడ్డు మీద వెలిసింది, దాని పేరు అమీర్‌పేట.

 

అమీర్‌పేటను ప్రైవేటు బజారంటే ఒప్పుకోను. మైత్రీవనం, స్వర్ణజయంతి రెండూ ప్రభుత్వ సంస్థ హుడా కట్టిన కాంప్లెక్సులే. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక హైదరాబాద్ ఐటీకి మనుషుల్ని తయారుచేసింది క్యాంపస్‌ల కంటే ఈ మెట్లే. జేఎన్‌టీయూ అకడమిక్ సెనేట్‌లో అమీర్‌పేట ఫ్యాకల్టీకి కుర్చీ వేయాలి, ఇక్కడి బ్యాచ్‌కు క్రెడిట్లివ్వాలి. వచ్చే రెగ్యులేషన్‌లోనే.