సరస్వతి చేతి పుస్తకము

తెలుగునాట చదువు పళ్ళెములోని బియ్యముతో మొదలగును. తండ్రియో పురోహితుడో ఒడిలో కూర్చున్న బిడ్డ చూపుడువ్రేలు పట్టుకొని ఆ బియ్యముమీద ఓనమాలు దిద్దించును. ఎదుట గోడమీద తెల్లని చీరతో, వీణతో, హంసతో, చేత పుస్తకముతో సరస్వతి పటము ఉండును. బిడ్డకు అక్షరము తెలియక మునుపే ఆ తల్లి రూపము తెలియును. ఇంత చిన్ననాడే పరిచయమైనందువలన కాబోలు, పెద్దవారమైన పిదప ఆమెను గూర్చి ప్రశ్నలు వేయుట మానివేసితిమి. ఆమె మొదటినుండియు చదువులతల్లియేనా? ఆ పుస్తకము ఆమె చేతికి ఎప్పుడు వచ్చినది? ఆ రూపమును మలచి నిలిపినవారెవరు? ఈ ప్రశ్నలకు చరిత్ర చెప్పు సమాధానములు భక్తికి భంగము కలిగించునవి కావు. మన నడవడికి పనికివచ్చునవి.

ఋగ్వేదమున సరస్వతి మొదట ఒక నది. పర్వతములనుండి సముద్రమువరకు సాగిపోవు మహానదిగా ఋషులు ఆమెను స్తుతించిరి. తల్లులలోను, నదులలోను, దేవతలలోను ఉత్తమురాలని కొనియాడిరి. ఆ నది గట్లమీద యజ్ఞములు జరిగినవి, మంత్రములు వినబడినవి. తరువాతి కాలపు బ్రాహ్మణ గ్రంథములలో, సరస్వతి యనగా వాక్కే యను మాట పలుమారులు కానవచ్చును. నీటి ప్రవాహమును తలచిన నోటికి మాటల ప్రవాహము తోచుట సహజమే. ఇంతలో నది చిక్కిపోయినది. అది కంటికి కనబడక పోయిన చోటును పంచవింశ బ్రాహ్మణము ‘వినశనము’ అని పేర్కొన్నది. మహాభారతమున శల్యపర్వమునందు బలరాముడు తీర్థయాత్ర చేయుచు ఆ చోటికి వచ్చెను. హర్యానా, రాజస్థాన్ ప్రాంతములలో వానకాలమున మాత్రమే పారు ఘగ్గర్ నదియే నాటి సరస్వతియని పలువురు పండితుల అభిప్రాయము.

నది పోయినది, పేరు పోలేదు. నీరు పారిన నేల పాడుపడినను, ఆ గట్టున పలికిన మాట ఒక నోటినుండి వేరొక చెవికి, ఆ చెవినుండి మరియొక నోటికి చేరుచు నిలిచినది. ఈ దేవి మనకు చెప్పు మొదటి పాఠము ఇదియే. కలిమికి నెలవైన చోట్లు మారిపోవును. ఒకరు మరియొకరికి నేర్పిన విద్య మాత్రము నిలుచును. నేర్పుట మానిన నాడు దానికిని వినశనము తప్పదు.

ఇక పుస్తకము మాట. ఉత్తరప్రదేశములోని మథురయందు కంకాళీ టీలా అను దిబ్బ కలదు. అక్కడ ఒకనాడు జైనుల స్తూపముండెను. 1888 మొదలు 1891 వరకు జరిగిన త్రవ్వకములలో అక్కడి నుండి వందలకొలది శిల్పములు వెలువడినవి. వానిలో ఒకటి కూర్చున్న స్త్రీమూర్తి. శిరస్సు విరిగిపోయినది. ఎడమచేత త్రాటితో కట్టిన వ్రాతప్రతి యున్నది. వీణ లేదు. పీఠముమీది శాసనమున సరస్వతి యను పేరు స్పష్టముగా నున్నది; సంవత్సరము 54 అని యున్నది. దానిని 78లో మొదలైన శకముగా గణించినచో క్రీ.శ. 132 అగును. తేదీ తెలిసిన సరస్వతీ ప్రతిమలలో ఇంతకన్న ప్రాచీనమైనది దొరకలేదు. ఆ విగ్రహము లక్నో మ్యూజియములో నున్నది.

దానిని చేయించి ఇచ్చినదెవరు? రాజు కాడు, మంత్రి కాడు, పండితుడును కాడు. సిహుని కుమారుడు గోవుడను కమ్మరి. ఒక జైన వాచకుని ప్రేరణచే, సర్వప్రాణుల హితము కొరకు, తాను ఆ విగ్రహమును సమర్పించినట్లు శాసనమున వ్రాయించెను. కొలిమి దగ్గర సమ్మెట పట్టిన చేయి చదువులతల్లి చేతిలో పుస్తకము పెట్టించినది. ఆ కమ్మరికి చదువు వచ్చునో రాదో శాసనము చెప్పదు. చదువు విలువ అతనికి తెలియునని మాత్రము చెప్పుచున్నది. అది తన కులమువారికే, తన మతమువారికే మేలు చేయవలెనని అతడు కోరలేదు. సర్వప్రాణులకు అన్నాడు.

ఆ కోరికకు తగినట్లే ఆ దేవి ఏ యొక్క మతపు గడపలోను నిలిచిపోలేదు. వైదికులు కొలిచిరి, జైనులు శ్రుతదేవతగా కొలిచిరి. బౌద్ధుల సువర్ణప్రభాస సూత్రములో ఆమెకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము కలదు. క్రీ.శ. 703లో ఇ-చింగ్ అను భిక్షువు ఆ సూత్రమును చైనాభాషలోనికి అనువదించెను. అట్టి గ్రంథములతోపాటు దేవియు కడలి దాటి జపానులో బెన్‌జైతెన్ అను పేర వెలసినది. అచ్చటను ఆమె చేతిలో తంత్రీవాద్యము ఉన్నది. ఆమె గుడులు నీటి ఒడ్డునే ఎక్కువగా ఉన్నవి. దేశము మారినను పూర్వపు నది జ్ఞాపకము చెడలేదు.

మన గోదావరి ఒడ్డున ఆమె వెలసిన చోటు బాసర. నేడది తెలంగాణములో నిర్మల్ జిల్లాలోనిది. శ్రోతలలో పలువురు తమ బిడ్డలను అక్కడికి అక్షరాభ్యాసమునకు తీసికొని పోయియుందురు. వ్యాసమహర్షి గోదావరిలో స్నానమాడి మూడు పిడికిళ్ళ ఇసుక తెచ్చి ముగ్గురమ్మల రూపములు నిలిపెనని అచ్చటి స్థలపురాణము. ఇది పురాణకథ, చరిత్ర కాదు. అయినను, ఉత్తరదేశమున ప్రవాహము కోల్పోయిన దేవిని మన పెద్దలు మరియొక నది ఇసుకతోనే మలచుకొన్నట్లు చెప్పుకొనుట మనోహరముగా నున్నది. బమ్మెర పోతనను గూర్చి మరియొక కథ కలదు. భాగవతమును రాజునకు అంకితమిమ్మని ఒత్తిడి వచ్చినప్పుడు సరస్వతి కంట నీరు పెట్టెననియు, నిన్ను అమ్ముకొననని కవి ఆమెను ఓదార్చెననియు చెప్పుదురు. వాక్కు అమ్మకపు సరకు కాదని మన జాతి ఆ కథ ద్వారా తనకు తాను చెప్పుకొన్నది.

ఇంతవరకు మన గొప్ప చెప్పుకొంటిమి. ఇక మన తప్పును చెప్పుకొనవలెను. చదువునకు అధిదేవతగా స్త్రీని నిలుపుకొన్న మనము స్త్రీకి చదువు నిరాకరించితిమి. ఋగ్వేదము పదవ మండలములోని వాక్సూక్తమునకు ద్రష్ట వాగాంభృణి, అంభృణ మహర్షి కూతురు. తెలుగున రామాయణము చెప్పిన మొల్ల కుమ్మరింటి బిడ్డ. తరిగొండ వెంగమాంబ బాలవితంతువై నిందలు పడియు వేంకటాచల మాహాత్మ్యము రచించెను. ఇట్టివారి పేర్లు మనము గర్వముతో తలతుము. కాని వీరు దారి యుండుటచే నడచినవారు కారు. దారి లేకున్నను నడచినవారు. తక్కిన వేలకొలది ఇండ్లలో, ఆడుపిల్ల అక్షరము నేర్చినచో మగని ఆయుస్సు తగ్గునను మూఢనమ్మకము పెత్తనము చేసినది. ఏ ఇంట సరస్వతీపూజ జరిగినదో ఆ ఇంటనే కూతురు పూజకు పూలు కూర్చినది గాని పుస్తకము ముట్టలేదు.

ఈ తాళము ఒక్క నాటిలో వీడలేదు. కందుకూరి వీరేశలింగము 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల స్థాపించెను. అదే యేట నందిగామలో పుట్టిన భండారు అచ్చమాంబ బడికి పోయి చదివినది కాదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు తనయొద్ద నుండి చదువుకొనుచుండగా అతనితోపాటు తానును చదువు నేర్చెను. అట్లు నేర్చిన అక్షరములతోనే 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల ప్రకటించి, స్త్రీలు చదువునకు తగరను మాటకు స్త్రీల చరిత్రలే సమాధానముగా చూపెను. అక్క నేర్చుకొనుటకు అడ్డురాక తోడ్పడిన ఆ తమ్ముని కూడ ఈ సందర్భమున తలచుకొనవలెను. పెద్ద మార్పులు చాలవరకు ఇట్లే ఒక ఇంటి వసారాలో మొదలగును.

1951 జనాభా లెక్కలలో మన దేశమున చదువను వ్రాయను వచ్చిన స్త్రీలు నూటికి 9 మందికి లోపే. 2011 నాటికి సుమారు 65 మంది. అరువది ఏండ్లలో ఇది చిన్న మార్పు కాదు. కాని ఆ 2011లోనే పురుషులలో ఆ సంఖ్య 80 దాటినది. మిగిలిన ఆ అంతరమే మనము తీర్చవలసిన బాకీ.

శరన్నవరాత్రులలో మూలా నక్షత్రమునాడు విజయవాడ కనకదుర్గను సరస్వతిగా అలంకరింతురు. ఆనాడు మన ఇండ్లలోను పుస్తకములు పీటమీద పేర్చి, పసుపుకుంకుమలు పెట్టి పూజింతుము. పలుచోట్ల విజయదశమి వరకు వానిని కదలింపరు. మంచి ఆచారమే. కాని పూజ ముగిసిన పిదప ఆ పుస్తకము తిరిగి తెరువబడవలెను. దానిని ఇంటిలో ఎవరెవరు తెరుతురు? కొడుకు చేతికి అందినట్లే కూతురి చేతికిని అందుచున్నదా? మన ఇంట పనిచేయు మనిషి బిడ్డకు అందుచున్నదా? మథురలోని ఆ కమ్మరి సర్వప్రాణుల హితము కోరి నిలిపిన విగ్రహమున శిరస్సు లేదు. పుస్తకము మాత్రము నేటికిని చేతనే యున్నది.