హైదరాబాద్ హోటళ్లు, బార్లు: కడిగే చేతుల హక్కులు

హైదరాబాద్ బిర్యానీ అంటే వండిన మాస్టర్ గుర్తొస్తాడు. గిన్నెలు తోమి, బాత్రూంలు కడిగే మనిషి గుర్తుకు రాడు. వంట ఎవరిది, కడుగుడు ఎవరిది అన్న లెక్కలో కులం ఉందని మేము అంటూనే ఉన్నాం. ఆ కార్మికులు తెలుసుకోవాల్సినవి ఇవి.

పని గంటలు: వారానికి 48 గంటలు దాటితే అదనపు పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలి. వారానికో సెలవు హక్కు.

ఈఎస్ఐ: 10 మంది, అంతకు మించి పనిచేసే చోట, నెల జీతం 21,000 రూపాయలు మించని వారికి వర్తిస్తుంది. కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం.

సెప్టిక్ ట్యాంకు: రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు పనిలో చనిపోతే కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

వ్యాపారం: తెలంగాణ మద్యం దుకాణాల్లో 2021 నుంచి ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఉంది. కానీ తిరిగిరాని దరఖాస్తు రుసుమే 2025లో 3 లక్షలు. పేరు దళితుడిది, పెట్టుబడి ఇంకొకరిదైతే ఆ రిజర్వేషన్ ఎవరికి అందినట్టు?

హాజరు పట్టీలో పేరు లేనివాడు పై హక్కుల్లో ఒక్కటి అడిగినా, అసలు ఇక్కడ పనే చేయలేదంటారు. అందుకే మొదటి డిమాండ్ జీతం చీటీ.