దర్శనీ హుండీ

హుండీ అనగానే మా చిత్తూరు జిల్లావాళ్లకు తోచేది కొండమీది హుండీయే. కానీ బ్యాంకులు రాకముందు వర్తకుల చేతుల్లో ఇంకో హుండీ తిరిగేది. అది కాగితం హుండీ. ఇక్కడి షావుకారుకు సొమ్ము కట్టి చీటీ రాయించుకుంటే, దూరపు ఊళ్లో అతని మనిషికి చూపించి డబ్బు తీసుకోవచ్చు. గడువు తీరాక చెల్లేది ముద్దతీ హుండీ, చూపించగానే చెల్లేది దర్శనీ హుండీ. తిరుపతి పక్కన పుట్టి, ఈ దర్శనం సంగతి ఇన్నాళ్లూ తెలియలేదు చూశారా!

బ్యాంకు డ్రాఫ్టు ఆ దర్శనీ హుండీకి మనవరాలని నాకనిపిస్తుంది. చెక్కు తీరు వేరు. ఆ తేడా నాకు బెల్లం బాకీ నేర్పింది.

1982లో నాకు తిరుపతి కాలేజీలో సీటొచ్చింది. చిత్తూరు మండీకి తోలిన బెల్లానికి ఒక వర్తకుడు మా నాయనకు చెక్కు ఇచ్చాడు. ఫీజుకు దాన్నే నమ్ముకున్నాం. ఖాతాలో చాలినంత సొమ్ము లేదన్న చీటీతో అది కాస్తా తిరిగొచ్చింది. మా అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సంతకం వాడిదే గదరా! బ్యాంకోళ్లేమన్నా పూచీ పడినారా?" అంది.

చదువురాని మనిషి, అసలు కీలకం పట్టేసింది. చెక్కంటే, ఫలానావారికి ఇంత ఇవ్వమని ఖాతాదారు తన బ్యాంకుకు రాసే ఉత్తర్వు. ఖాతాలో డబ్బుంటేనే దానికి విలువ. డ్రాఫ్టుకైతే సొమ్మూ, పైన కమీషనూ ముందే కట్టాలి. అప్పుడు ఒక బ్రాంచి తన ఇంకో బ్రాంచికి రాస్తుంది. సంతకం బ్యాంకుదే, పూచీ బ్యాంకుదే. అందుకే కాలేజీవాళ్లు డ్రాఫ్టే తెమ్మన్నారు.

అమ్మ గాజులు కుదువకు వెళ్లాయి. ఆ డబ్బుతోనే నా డ్రాఫ్టు.

చెక్కుల సంగతి చెప్పే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిది. బ్రాంచి మీద బ్రాంచి రాసే డ్రాఫ్టుకు అందులో ప్రత్యేకంగా సెక్షను చేరింది 1930లో. బాకీకిచ్చిన చెక్కు డబ్బుల్లేక తిరిగొస్తే, నోటీసు అందిన 15 రోజుల్లోగా కట్టకపోతే నేరమన్నది 1989 ఏప్రిల్ 1 నుంచి. మాకు ఏడేళ్లు ఆలస్యం! మా రోజుల్లో దావా వేసుకోవడమో, మోసమని రుజువు చేసుకోవడమో. బెల్లం పండించేవాడికి కోర్టు చుట్టూ తిరిగే తీరికెక్కడిది?

ఇప్పుడు ఫోనులోనే డబ్బు పంపేస్తున్నాం గానీ, ఈ కాగితాలు పూర్తిగా పోలేదు. 2012 ఏప్రిల్ నుంచి చెక్కుకైనా డ్రాఫ్టుకైనా ఆయుష్షు మూడు నెలలే, అంతకుముందు ఆరు. బీరువాలో చీరల మడతల్లో దాచేవాళ్లు ఒకసారి తేదీ చూసుకోండమ్మా!

ఆ వర్తకుడు మాత్రం బాకీలో సగం జాతర నాటికి తీర్చాడు. మిగతా సగానికి సరుకు తీసుకోమన్నాడు. ఏం సరుకంటారా? బెల్లం.