ఎడారిలో పెట్రోలు డబ్బా

కిరసనాయిలు డబ్బా నెరుగని తెలుగు ఇల్లు ఒకప్పుడు అరుదు. నాలుగు గ్యాలనులు, అనగా సుమారు 18 లీటర్లు పట్టెడి ఆ చదరపు రేకు డబ్బా నూనె అయిపోయిన పిమ్మటనే తన అసలు ఉద్యోగమును ప్రారంభించెడిది. పైకప్పు కోసివేసి, అడ్డముగా కఱ్ఱ బిగించి, కావడికి రెండు కట్టి నీళ్లు మోసెడివారు. బియ్యము పోసి అటక మీద పెట్టెడివారు. విప్పి చదును చేసిన రేకులతో పాకలకు కప్పు వేసెడివారు. సరిగా ఆ కొలతకే చేసిన దాని తోబుట్టువు ఒకటి రెండవ ప్రపంచయుద్ధములో ఉత్తరాఫ్రికా ఎడారికి పోయి, ఒక మహాసైన్యమును ముప్పుతిప్పలు పెట్టెను. ఆ కథను మన మిచట చెప్పుకొందము.

బ్రిటిషు సైనికులు దానికి పెట్టిన పేరు 'ఫ్లిమ్సీ'. చేయి తగిలిన సొట్టపడునంత నాజూకు సరకని దాని భావము. పలుచని తగరపు పూత రేకు; మడిచి అతికిన అంచులు; రెండేసి డబ్బాలకు ఒక కొయ్యపెట్టె, కొన్నిటికి అట్టపెట్టె. రేవు నుండి గిడ్డంగికి, గిడ్డంగి నుండి చక్కని బాట మీద బజారుకు పోవుటకు అది చాలును. రాళ్ల నేల మీద వందల మైళ్లు లారీలో ఎగిరెగిరి పడుటకు మాత్రము అది పుట్టలేదు. అతుకులు విడిపోయెడివి. ఎండకు పెట్రోలు వ్యాకోచించి అంచులను చీల్చెడిది. కారినంత కారి, మిగిలినది ఆవిరియై పోయెడిది. ప్రధాన స్థావరము నుండి వాడుకొను వాని చేతికి చేరులోపల నూటికి 30 వంతుల పెట్రోలు నష్టమగుచున్నదని ఆనాటి మధ్యప్రాచ్య సేనాపతి జనరల్ ఆకిన్‌లెక్ లెక్క కట్టెను. ఓడలలో, సముద్రములో ప్రాణములు పణము పెట్టి తెచ్చిన నూనెలో మూడవ వంతునకు కొంచెము తక్కువగా ఇసుక త్రాగివేసిన దన్నమాట.

సైనికుడెక్కడైనను సైనికుడే. కారిపోయిన డబ్బాను వారు పారవేయలేదు. నడిమికి కోసి, సగము ఇసుకతో నింపి, దానిపై కొంత పెట్రోలు పోసి వెలిగించి, తేనీరు కాచుకొనిరి. పెట్రోలు పాత్రగా పనికిరానిది పొయ్యిగా బహు చక్కగా పనిచేసెనని చెప్పుకొనిరి!

ఎడారిలో దూరప్రయాణమునకు కావలసిన దేమిటి? బలమైన యంత్రమని మన మనుకొందుము. ఈ ప్రశ్నకు కొలిచి, తూచి సమాధానము చెప్పిన వాడు రాల్ఫ్ బాగ్నోల్డు. ఆయన 1896లో జన్మించెను; బ్రిటిషు సైన్యములో ఇంజనీరు. ఈజిప్టులో ఉద్యోగము చేయుచు సెలవు దినములలో మిత్రులతో కూడి, సొంత ఖర్చుతో, ఫోర్డు కారులలో ఎడారి మీదికి పోయెడివాడు. పులుకొండల వలె వరుసలు తీరిన ఇసుకతిన్నెల మహాసముద్రమును కారు దాటజాలదని పెద్దలనగా, 1929 మొదలు ఆయన దానిలోనికి చొచ్చుకొని పోయెను. 1932లో ఐదువేల మైళ్లకు పైగా తిరిగివచ్చెను. రేడియేటరులో మరిగిన నీటి ఆవిరిని గొట్టము ద్వారా వేరొక డబ్బాలో పట్టి, చల్లార్చి, తిరిగి రేడియేటరులోనికే పంపెడి ఏర్పాటు ఆయన వాడుకలోనికి తెచ్చినదే. దిక్సూచి ముల్లు కారు ఇనుమునకు లోబడి తప్పు చూపునని, నీడను బట్టి దిక్కు తెలుపు సూర్యయంత్రమును ఆయన సమకూర్చుకొనెను. ఇసుక గాలికెట్లు కదలునో విచారించి వ్రాసిన ఆయన శాస్త్రగ్రంథము 1941లో వెలువడినది. దానిని భౌతికశాస్త్రజ్ఞులు నేటికిని సంప్రదించుచున్నారు. 1944లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా నెన్నుకొన్నది.

1939లో ఆయన తూర్పు ఆఫ్రికాకు పోవుచుండగా, మధ్యధరా సముద్రములో ఆయన ఓడ మరొక ఓడను ఢీకొనెను. మరమ్మతు కొరకు పోర్టు సయీదులో దిగవలసి వచ్చెను. ఆ యాదృచ్ఛికమే లేకున్నచో ఈ కథ వేరుగా నుండెడిది. 1940 వేసవిలో జనరల్ వేవెల్ అనుమతితో ఆయన 'లాంగ్ రేంజి డెజర్టు గ్రూపు' అను దళమును నెలకొల్పెను. తొలి సైనికులు చాలమంది న్యూజీలాండు రైతు బిడ్డలు. యంత్రములను బాగుచేసికొనుట వారికి ఇంటిపని వంటిది.

వారి తొలి లారీలు షెవర్లేలు. ఒక్కొక్కటి మోయవలసిన బరువు సుమారు 1,500 కిలోలు. ఆ బరువులోనే మనుష్యులు, తుపాకులు, తిండి, నీరు, వైర్‌లెస్సు, పోయిరావలసిన పెట్రోలంతయు ఇమడవలెను. ఇచట ఒక చిన్న లెక్క వేసి చూతము. 1,500 మైళ్ల ప్రయాణమనుకొందము. లారీ గ్యాలనుకు 10 మైళ్లు నడచినచో 150 గ్యాలనులు కావలెను. గ్యాలను పెట్రోలు సుమారు 3.3 కిలోలు తూగును గనుక అది 500 కిలోలు. బరువులో మూడవ వంతు. అదే లారీ గ్యాలనుకు 5 మైళ్లే నడచినచో 1,000 కిలోలు. మూడింట రెండు వంతులు. ఇక మనిషికి, నీటికి, తుపాకికి మిగిలిన దెంత? పైగా నూటికి 30 వంతులు కారిపోవు డబ్బాలలో ఆ నూనెను మోయవలెనన్న, కారిపోవుదానిని కూడ ముందే ఎక్కించుకొనవలెను. ఎక్కించిన బరువునకు మరికొంత నూనె ఖర్చగును. దారిబత్తెము మూట పెద్దదైన కొలది బాటసారికి ఆకలియు పెరుగునట్లు.

ఇది ఊహాగణితము కాదు. 1941 జులై ప్రాంతమున పాత షెవర్లేలు అరిగిపోగా, వాని స్థానమున నాలుగు చక్రములకును బలమందెడి ఫోర్డు ఎఫ్-30 లారీలు వచ్చినవి. ముందు ఇరుసు కూడ తిరుగును గనుక మెత్తని ఇసుకలో పట్టు ఎక్కువ. మేలిరకపు బండ్లు వచ్చినవని ఎవరైనను సంతోషింతురు. కాని ఆ బండ్లు బరువైనవి. పాతవానికి రెట్టింపు పెట్రోలు త్రాగినవి. దళము పోగలిగిన దూరము తగ్గిపోయెను! 1942 మార్చి మొదలు ఆ ఫోర్డులను క్రమముగా తొలగించి, మరల రెండు చక్రముల బలము గల కెనడా షెవర్లేలను ప్రత్యేకముగా తెప్పించుకొనిరి. కొత్తదానిని కాదని పాతపద్ధతికి మరలిన ఆ నిర్ణయమును మేము మిక్కిలి మెచ్చుకొందుము. ఇసుకలో దిగబడినప్పుడు ఉక్కు పట్టాలు పఱచి, గాలి తగ్గించిన టైర్లతో నెట్టుకొని రావచ్చును. పెట్రోలు నిండుకొన్నచో నెట్టుటకు ఉపాయము లేదు.

వెనుక ట్రాలీ తగిలించి నూనెను లాగుకొని పోరాదా యని పాఠకులడుగవచ్చును. గట్టినేల మీద అది మంచి ఉపాయమే. మెత్తని ఇసుకలో ట్రాలీ చక్రములు నాగలి వలె దున్నుకొని పోవును. దానిని లాగుటకే మోసిన నూనెలో మంచిభాగము చెల్లును. కనుకనే ఆ దళము లాగుటకన్న మోయుటకు, మోయుటకన్న ముందే దాచియుంచుటకు మొగ్గుచూపెను. ఇసుకలో గుర్తులు పెట్టి డబ్బాలను దాచి, తిరుగు ప్రయాణములో తీసికొనెడివారు.

1940 డిసెంబరు 26వ తేదీన కైరో నుండి 76 మంది, 23 వాహనములతో బయలుదేరి, నైఋతి లిబియాలోని ముర్జుక్ అను ఇటాలియను స్థావరము మీదికి పోయిరి. అంత దూరమునకు మోసికొని పోయినది చాలదు. చాద్ దేశము నుండి స్వతంత్ర ఫ్రెంచివారు తిబెస్తీ పర్వతముల మీదుగా వారికి పెట్రోలు పంపిరి. దేనిమీద ననుకొన్నారు? ఒంటెల మీద. మోటారు బండి ఆకలి తీర్చుటకు ఒంటె డబ్బాలు మోసి కొండలెక్కినది. 1941 జనవరి 11న ముర్జుక్ విమానాశ్రయమును తగులబెట్టిరి. ఆ పోరులో ఫ్రెంచి అధికారి దోర్నానో నేలకొరిగెను.

తిరుగు దారిలో, జనవరి 31న, జెబెల్ షెరీఫ్ అను గుట్టలవద్ద శత్రువులు వారి మీద పడిరి. మిగిలినవారు తప్పుకొని పోగా, మూర్, ఈస్టన్, వించెస్టర్, టై అను నలుగురు వెనుకబడిపోయిరి. మూర్ పాదమున గాయము. బండి లేదు, తిండి లేదు. ఒక డబ్బాలో రెండు గ్యాలనులకు తక్కువ నీరు. లొంగిపోవుటకు ఇష్టపడక దక్షిణముగా నడక సాగించిరి. పది దినములు నడచిరి. మూర్ సుమారు 210 మైళ్లు నడచిన పిమ్మట ఫ్రెంచివారు ఆయనను చూచిరి. అప్పటికిని ఆయన నడచుచునే యుండెను. ఈస్టన్ మాత్రము దొరికిన కొలది గంటలకే మరణించెను. పెట్రోలు గాని నీరు గాని, పాత్రలో మిగిలినదెంతో అంతే ఆయువు అను మాట ఆ నలుగురి విషయమున అక్షరాల నిజమైనది.

భారతీయులకు ఈ ఎడారి పరాయిది కాదు. నాలుగవ భారతీయ డివిజనులో మద్రాసు శాపర్లు పనిచేసిరి. ఆ శాపర్లలో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి. 1941 చివర భారతీయ అశ్విక దళముల నుండి ఏరిన వారితో 'ఇండియన్ లాంగ్ రేంజి స్క్వాడ్రను' ఏర్పడి, బాగ్నోల్డు పద్ధతినే నేర్చుకొని, 1942లో ఆ దళముతో కలిసి పనిచేసెను. ఊరిలో నీళ్లకావడికి వ్రేలాడిన డబ్బానే లిబియా ఇసుకలో చూచి ఆ సైనికులేమనుకొనిరో!

ఇక శత్రువు డబ్బాను గూర్చి చెప్పవలెను. జర్మనులు 1937 నాటికే 20 లీటర్ల డబ్బాను ఒకదానిని సిద్ధము చేసిరి. ష్వెల్మ్ పట్టణములోని ముల్లర్ సంస్థ ఇంజనీరు విన్‌ట్సెన్స్ గ్రూన్‌ఫోగెల్ దాని రూపశిల్పి. రెండు ఉక్కు అర్ధభాగములను అచ్చులో నొక్కి, అంచులు కలిపి వెల్డింగు చేసిరి. ఆ అతుకు దెబ్బ తగులకుండ లోపలికి ఒదిగి యుండును. ప్రక్కల మీది గాడులు రేకునకు బిగువునిచ్చుటయే గాక, ఎండకు నూనె ఉబ్బినప్పుడు చోటు నిచ్చును. పైన పిడులు మూడు. ఎందుకు మూడు? నిండిన డబ్బాను ఒక్కడు నడిమి పిడితో మోయును. ఇద్దరు చెరియొక పిడితో పంచుకొందురు. ఖాళీవానిని ఒక్కొక్క చేతిలో రెండేసి పట్టుకొని పోవచ్చును. మూత మీటతో బిగియును, స్పానరు అక్కరలేదు. లోపల గాలి గొట్టముండుటచే గుటగుటమని ఎగిరిపడక ధార సాఫీగా వచ్చును, గరాటు అక్కరలేదు. నిండ నింపినను పైన కొంత గాలి మిగులును గనుక నీటిలో వేసినచో తేలును. ఇంత ఆలోచన ఒక డబ్బాలో నున్నదా యని ఆశ్చర్యము కలుగును. బ్రిటిషువారికి ఇది 1940లో నార్వే పోరులో మొదట చిక్కెను. పిదప ఎడారిలో పట్టుబడిన ఒక్కొక్క డబ్బాను నిధి వలె దాచుకొనిరి. జర్మనులకు వారు పెట్టిన ఎగతాళి పేరు 'జెర్రీ'. ఆ పేరే డబ్బాకును దక్కి, 'జెర్రీక్యాను' అయినది.

ఈ డబ్బా కథలో మన కలకత్తాకును ఒక పాత్ర కలదు. 1939లో పాల్ ప్లైస్ అను అమెరికా ఇంజనీరు ఒక జర్మను సహోద్యోగితో కలిసి బెర్లిను నుండి భారతదేశమునకు కారులో బయలుదేరెను. దారిలో నీటికి పాత్రలు లేవని గుర్తించి, ఆ జర్మను టెంపెల్‌హోఫ్ విమానాశ్రయపు నిల్వ నుండి మూడు డబ్బాలను రహస్యముగా తెచ్చెను. దాని కొలతలు, తయారీ వివరములు కూడ మిత్రునికి చెప్పెను. జర్మనును నడుమనే వెనుకకు పిలిపించిరి. ప్లైస్ ఒంటరిగా కలకత్తా చేరి, కారును అచటనే భద్రపఱచి, విమానములో స్వదేశమునకు పోయెను. సైన్యాధికారులకు డబ్బా సంగతి చెప్పగా వారు చెవినిడలేదు. తుదకు ఒక డబ్బాను తెప్పించుకొని చూచియు, అమెరికావారు దానిని ఉన్నదున్నట్లు చేయక 'సవరించిరి'. వెల్డింగు తీసివేసి మడత అతుకు పెట్టిరి. మీటమూత తీసివేసి మరమూత పెట్టిరి. దానితో స్పానరును గరాటును మరల వచ్చి చేరినవి! బ్రిటిషువారు మాత్రము బుద్ధిమంతులై ఉన్నదానినే అనుకరించిరి. పరుల వస్తువును యథాతథముగా గ్రహించుటకు కూడ కొంత వినయము కావలయును.

ఈలోగా నాలుగు చక్రముల బలము గల చిన్నబండి, జీపు, యుద్ధరంగమునకు వచ్చెను. దాని పెట్రోలు తొట్టి చిన్నది, 15 అమెరికా గ్యాలనులు. వెనుక అదనపు చక్రము ప్రక్కనే ఒక డబ్బాకు చట్రము బిగించిరి. 1942లో ఎడారిలో జీపులతో దాడులు చేసిన బ్రిటిషు దళములు ఆ ఒక్కదానితో తృప్తిపడలేదు. ఇరుప్రక్కల, వెనుక, చోటున్నచోటనెల్ల డబ్బాలు కట్టి, ముందు భాగమున బాగ్నోల్డు నాటి ఆవిరి డబ్బాను బిగించి పోయిరి. ఫోర్డు లారీకి ప్రతికూలించిన లెక్కయే తేలికైన జీపునకు అనుకూలించెను. గట్టిబాటలున్న ఐరోపాలో జీపు వెనుక పావుటన్ను ట్రాలీ కూడ చేరినది.

1944 వేసవిలో మిత్రసైన్యములు ఫ్రాన్సులో పరుగులు తీసినప్పుడు వాని దాహమును తీర్చినవి ఈ డబ్బాలే. అవి లేకున్నచో ఆ వేగము అసాధ్యమని అధ్యక్షుడు రూజ్వెల్టు ఆ సంవత్సరాంతమున ప్రకటించెను. కాని సైనికులు ఖాళీ డబ్బాలను దారిప్రక్కల పారవేయుచు పోగా, శరత్కాలము నాటికి పెట్రోలు కన్న డబ్బాలకే కరవు వచ్చెను. ఫ్రెంచి బడిపిల్లలకు బహుమానములు ప్రకటించి వానిని ఏరించిరి. 1945 మేలో యుద్ధము ముగియునప్పటికి ఐరోపా అంతట రెండు కోట్లకు పైగా జెర్రీక్యానులు చెల్లాచెదరై యున్నవట.

బాగ్నోల్డు 1990 వరకు జీవించెను. ఆయన దళపు షెవర్లే లారీ ఒకటి 1980లో లిబియా ఎడారిలో దొరకగా, దానిని లండనులోని యుద్ధ మ్యూజియమునకు చేర్చి, తుప్పు తుడువక దొరికినది దొరికినట్లే ఉంచిరి. అచటి గాలిలో తేమ బహుస్వల్పము. గిల్ఫ్ కెబీర్ పీఠభూమి ప్రాంతమునకు పోయిన యాత్రికులకు ఆనాటి నాలుగు గ్యాలనుల రేకు డబ్బాలు ఇసుకలో పడియుండి కనబడుచుండును. అన్నియు ఖాళీయే.