మందుచీటీల కట్ట నుండి 14 అంకెల సంఖ్య వరకు

మీ ఇంటి పెద్దలు ఏయే మందులు వాడుతున్నారో ఇప్పటికిప్పుడు చెప్పగలరా? రేపల్లె, బాపట్ల ప్రాంతాల నుండి తెనాలికి వైద్యానికి వచ్చే వృద్ధులలో కొందరు ఈ ప్రశ్నకు సంచిలోని నలిగిన చీటీల కట్టను చూపుతారు. మరికొందరు 'ఉదయం తెల్లబిళ్ల, రాత్రి ఎర్రబిళ్ల' అంటారు. తెల్లబిళ్ల రక్తపోటుకో, మధుమేహానికో రంగును బట్టి ఏ వైద్యుడూ చెప్పలేడు. ఈ లోటును పూరించడానికి జరిగిన ప్రయత్నాల చరిత్ర పాతికేళ్లది.

2000 మార్చి 24న చిత్తూరు జిల్లా అరగొండలోని దూరవైద్య కేంద్రాన్ని అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. పల్లెలోని రోగిని నగరంలోని నిపుణుడు ఉపగ్రహం ద్వారా చూడటం అప్పుడు వింత. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు, 2007లో 104 ఫోన్ సలహా సేవ వచ్చాయి. ఆ తరువాత 104 వాహనాలు నిర్ణీత దినాన ఊరికే వచ్చి రక్తపోటు, మధుమేహం పరీక్షించి మందులిచ్చాయి. బస్సెక్కలేని వృద్ధులకు అది పెద్ద ఊరట. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వేళ, ఈ-సంజీవని ఇంటి నుండే వైద్యుని సంప్రదించే వీలు కల్పించింది. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశవ్యాప్తంగా మొదలై, 14 అంకెల 'ఆభా' సంఖ్యకు ప్రాచుర్యం తెచ్చింది.

దాని అవసరం మన ప్రాంతంలో మరింత ఎక్కువ. ఒకప్పుడు ఈ మూడు పట్టణాలూ గుంటూరు జిల్లావే. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి, రేపల్లె అందులో చేరింది; తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. రోగానికి జిల్లా సరిహద్దులు లేవు. కాగితపు రికార్డు ఒక ఆసుపత్రి అలమారలోనే ఉండిపోతుంది. ఆభాకు జతచేసిన రికార్డును మాత్రం, రోగి అనుమతిస్తే, మరో ఊరి వైద్యుడూ చూడగలడు.

అయితే సంఖ్య ఉన్నంత మాత్రాన చరిత్రంతా అందులో చేరిపోదు. ఆసుపత్రి నమోదు చేసి, జతపరిస్తేనే అది కనబడుతుంది. పైగా ఆధార్‌కు అనుసంధానించిన ఫోను హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న కుమారునిదైతే ఓటీపీ అక్కడికి పోతుంది. తల్లి ఇక్కడ కౌంటరు ముందు నిలబడి ఉంటుంది. సాంకేతికత ఎంత ఎదిగినా, చివరి రెండడుగులు ఇంటివారే వేయాలి.

కనుక ఈ వారమే రెండు పనులు చేయండి. పెద్దల ఆధార్‌కు వారి చేతిలో ఉండే ఫోను నంబరునే అనుసంధానించండి. మందుల పేర్లు, మోతాదు, వేళలు, పడని మందులు పెద్ద అక్షరాలతో ఒక కాగితంపై వ్రాసి వారి సంచిలో ఉంచండి. దాని ఫొటో మీ ఫోనులోనూ దాచుకోండి. అర్ధరాత్రి అత్యవసర విభాగంలో వైద్యుడు ముందుగా అడిగేది అదే.